లెక్క చెప్పాల్సినవాడే లెక్క చూసేవాణ్ణి ఎంచుకుంటే?



సొసైటీ మహాజన సభ జరుగుతోందనుకుందాం. ఏడాది జమా ఖర్చులు చదవాలి. అధ్యక్షుడు లేచి ఇలా అన్నాడనుకుందాం: "ఈసారి ఆడిటర్ని నేనే పెట్టుకున్నాను. మొన్నటిదాకా నా దగ్గర పనిచేసినవాడే, మంచివాడు. రిపోర్టు నా చేతికే ఇస్తాడు. మీకు ఎప్పుడు చదివి వినిపించాలో నేను చూసుకుంటాను." మనం ఊరుకుంటామా? ఎరువుల స్టాకు ఏమైందని అడిగే రైతులు ఆ సభను అక్కడే ఆపేస్తారు. ఆడిటర్ మంచివాడా చెడ్డవాడా అన్న మాట తర్వాత, ముందు ఈ పద్ధతే కుదరదంటారు.

ఊరి సొసైటీలో మనం ఒప్పుకోని ఈ పద్ధతే దేశం మొత్తం లెక్కల విషయంలో నడుస్తోంది. లక్షల కోట్ల ప్రజల సొమ్ము ఖర్చు పెట్టే ప్రభుత్వమే తన లెక్కలు చూసే అధికారిని ఎంచుకుంటోంది. ఆయన రాసిన నివేదికను ఎప్పుడు బయటపెట్టాలో కూడా అదే నిర్ణయిస్తోంది. ఇది ఢిల్లీ పెద్దల వ్యవహారం, మనకెందుకు అనుకోవద్దు. ఇది మన రుణమాఫీ వ్యవహారం, మన పంటల బీమా వ్యవహారం, మన కాలువల వ్యవహారం.

కాగ్ అంటే ఎవరు?

పత్రికల్లో "కాగ్" అని రాసేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించి. మండల ఆఫీసులకూ ఇరిగేషన్ డివిజన్లకూ "ఏజీ ఆడిట్ వచ్చింది" అంటుంటారు కదా, ఆ ఏజీ ఆఫీసులన్నిటికీ పై అధికారి ఈయనే. రాజ్యాంగంలో 148 నుంచి 151 వరకు అధికరణాలు ఈ పదవి గురించే. కేంద్రం ఖర్చూ, రాష్ట్రాల ఖర్చూ రెండూ ఈయనే చూస్తాడు. 1949 మే 30న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ ఈ పదవి గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలో బహుశా అందరికంటే ముఖ్యమైన అధికారి ఈయనేననీ, ఈయన విధులు న్యాయవ్యవస్థ విధుల కంటే కూడా ముఖ్యమైనవనీ అన్నారు. చట్టసభ ఏ పనికి ఎంత ఇచ్చిందో ఆ పనికి అంతే ఖర్చయిందా అని చూసేవాడు లేకపోతే, చట్టసభ ఉండీ లేనట్టేనని ఆయన ఉద్దేశం.

అందుకే రాజ్యాంగం ఈ అధికారికి గట్టి రక్షణలే ఇచ్చింది. సుప్రీంకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలో తప్ప ఈయనను తొలగించడం కుదరదు. జీతం పార్లమెంటు ఓటుతో పని లేకుండా నేరుగా సంచిత నిధి నుంచి వస్తుంది. ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అంతవరకు పదవి. దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ప్రభుత్వం కింద మరో పదవి చేపట్టకూడదు. ఇంత కట్టుదిట్టంగా కంచె వేసి, ఒక్క గేటు మాత్రం తెరిచి వదిలేశారు. ఆ గేటు దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఈ ఆడిట్ వల్ల రైతుకు ఏం తెలిసిందో చూద్దాం.

మన పాస్‌బుక్కులో కాగ్

2008 రుణమాఫీ గుర్తుంది కదా. 3.69 కోట్ల మంది చిన్న, సన్నకారు రైతులకూ, మరో 60 లక్షల మంది ఇతర రైతులకూ కలిపి రూ.52 వేల కోట్లకు పైగా ఇచ్చామని కేంద్రం చెప్పుకుంది. ఆ రోజుల్లో "నీ పేరు లిస్టులో లేదు" అనిపించుకుని బ్యాంకు మెట్లు దిగిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎవరికి చెప్పుకున్నా "మీవాడికి అర్హత లేదు" అన్న జవాబే వచ్చింది. వాళ్లు చెప్పింది నిజమని రుజువు చేసే కాగితం మన దగ్గర లేదు.

ఆ కాగితం 2013 మార్చిలో వచ్చింది. కాగ్ మనుషులు 25 రాష్ట్రాల్లో 90,576 ఖాతాలు తిరగేశారు. మాఫీ పొందిన ఖాతాల్లో 8.5 శాతం అనర్హులవని తేలింది. జాబితాకెక్కని 9,334 ఖాతాలు విడిగా చూస్తే, అందులో 1,257 మందికి అర్హత ఉండి కూడా మాఫీ అందలేదు. అంటే వందకు 13 మందికి పైగా. మాఫీ అయినట్టు రైతు చేతికి పత్రం ఇవ్వాలన్నది నియమం. చూసిన ఖాతాల్లో 34 శాతం మందికి ఆ పత్రమే ఇవ్వలేదు. 2,824 ఖాతాల్లో రికార్డులు దిద్దినట్టు, అంకెల మీద అంకెలు రాసినట్టు పైకే కనిపించింది. ఒక ప్రైవేటు బ్యాంకు మైక్రో ఫైనాన్స్ సంస్థకు ఇచ్చిన అప్పును రైతు అప్పుగా చూపి రూ.164.60 కోట్లు తెచ్చుకుంది.

ఈ మాటలు మన సంఘం అని ఉంటే "రాజకీయం" అని కొట్టిపారేసేవాళ్లు. కాగ్ ముద్ర పడింది కనుక పార్లమెంటు నోరు మూసుకోలేకపోయింది. స్వతంత్ర ఆడిట్ విలువ అదే.

ఇక పంటల బీమా. 2017 జులైలో కాగ్ పంటల బీమా పథకాల మీద నివేదిక ఇచ్చింది. బీమా అయిన రైతుల వివరాల జాబితా కేంద్రం దగ్గర లేదు. కౌలు రైతులకూ బీమా వర్తింపజేయాలని నియమాల్లో ఉన్నా, వాళ్ల లెక్కే రాసిపెట్టలేదు. ఆడిట్ సమయంలో అడిగిన రైతుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అసలు ఆ పథకాల సంగతే తెలియదు. పది ప్రైవేటు బీమా కంపెనీలకు రూ.3,622.79 కోట్ల ప్రీమియం సబ్సిడీని, నియమాల ప్రకారం సరిచూసుకోకుండానే విడుదల చేశారు. వీటన్నిటికంటే పెద్ద మాట మరొకటి ఉంది. ఇంత సర్కారు సొమ్ము తీసుకునే ప్రైవేటు కంపెనీల పుస్తకాలు తాను చూసే ఏర్పాటే ఆ పథకాల్లో లేదని కాగ్ స్వయంగా రాసింది.

రైతు ఖరీఫ్‌కు 2 శాతం ప్రీమియం కడతాడు, రబీకి ఒకటిన్నర శాతం. మిగతాది రెండు ప్రభుత్వాలూ కంపెనీకి చెల్లిస్తాయి. అంటే అదీ మన పన్నే. రైతు పాస్‌బుక్కు, ఆధార్, అడంగల్ అన్నీ చూపితేనే పరిహారం. కంపెనీ మాత్రం ఎవరికీ ఏ పుస్తకమూ చూపనక్కర్లేదా? సెల్‌ఫోన్ కంపెనీల ఆదాయ లెక్కలను కాగ్ చూడవచ్చని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వానికి వాటా రావాల్సిన చోట లెక్క చూడవచ్చంటే, ప్రభుత్వమే సొమ్ము పోస్తున్న చోట ఎందుకు చూడకూడదు?

కాళేశ్వరం సంగతి తెలంగాణ రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరి 15న. కేంద్ర జల సంఘానికి రూ.81,911 కోట్లని చూపిన ఖర్చు రూ.1,47,427 కోట్లు దాటవచ్చని అందులో ఉంది. పెట్టిన ప్రతి రూపాయికీ తిరిగి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని ఉంది. ఈ లెక్క పనులు మొదలైన రోజుల్లోనే జనం ముందుకు వచ్చి ఉంటే? రైతు ఆరుగాలం కష్టపడి రూపాయి పెట్టి యాభై రెండు పైసలు తెచ్చుకుంటే బ్యాంకు వాడు పొలం వేలానికి పెడతాడు. ప్రభుత్వం అదే పని చేస్తే ఆ భారం కూడా చివరికి మన నెత్తినే.

తాళం ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు తెరిచి వదిలేసిన ఆ గేటు దగ్గరికి వద్దాం. కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తారని రాజ్యాంగంలో ఉంది. కానీ రాష్ట్రపతి తనంతట తాను ఎవరినీ నియమించరు. కేంద్ర ప్రభుత్వం పంపిన పేరు మీద సంతకం చేస్తారు. ఆ పేరు ఎలా వచ్చింది, ఇంకెవరిని పరిశీలించారు, ఏ అర్హత చూశారు? చట్టంలో ఎంపిక సంఘం లేదు. ప్రతిపక్షానికి మాట లేదు. దరఖాస్తు లేదు, జాబితా లేదు.

ఈ పద్ధతిలో ఎవరు వచ్చారో చూడండి. 2013లో వచ్చిన శశికాంత్ శర్మ అంతకుముందు రక్షణ శాఖ కార్యదర్శి. 2017లో వచ్చిన రాజీవ్ మెహర్షి ఆర్థిక శాఖకూ, హోం శాఖకూ కార్యదర్శిగా చేశారు. 2020లో వచ్చిన గిరీశ్ చంద్ర ముర్ము ఆర్థిక శాఖలో ఖర్చుల విభాగం కార్యదర్శిగా చేసి, జమ్మూ కశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండి వచ్చారు. 2024 నవంబరులో వచ్చిన కె.సంజయ్ మూర్తి ఉన్నత విద్య కార్యదర్శి. ఆయన మన తెలుగువారే, సంతోషం. అయితే మనవాడైనా పరాయివాడైనా ప్రశ్న ఒక్కటే. నిన్నటిదాకా తాను సంతకాలు పెట్టిన ఫైళ్లను ఈరోజు తానే తప్పుపట్టాల్సి వస్తే ఏం చేయాలి? ఈ పేర్లలో ఎవరి నిజాయితీనీ మేం శంకించడం లేదు. మనిషి నిజాయితీ మీద నడిచే వ్యవస్థ మనిషి మారగానే మారిపోతుంది, అదీ మా అభ్యంతరం. ఆ నియామకాల్లో ఒకటి కాంగ్రెస్ ప్రభుత్వంలో జరిగింది, మిగతావి బీజేపీ ప్రభుత్వంలో జరిగాయి. ఎవరు గద్దెనెక్కినా ఈ తాళం మాత్రం వదలరు.

ఈ ఆఫీసును మన దేశానికి తెచ్చింది ఇంగ్లీషు వాళ్లు. వాళ్ల దేశంలో ఏం చేస్తున్నారు? అక్కడ ప్రధాన ఆడిటర్ 1983 చట్టం నుంచి పార్లమెంటు దిగువ సభకు చెందిన అధికారి. ప్రధాని పేరు ప్రతిపాదించాలంటే, ప్రతిపక్షానికి చెందిన ప్రజా పద్దుల సంఘం అధ్యక్షుడు ముందు ఒప్పుకోవాలి. ఒక్కసారే, పదేళ్ల పదవి. మనకు ఆఫీసును ఇచ్చినవాళ్లు తమ గేటు మూసుకున్నారు. మనం మాత్రం డెబ్బై అయిదేళ్లుగా బార్లా తెరిచే ఉంచాం.

నియామకానికి ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తితో సంఘం ఉండాలన్న పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2025 మార్చిలో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. కోర్టు మీదే భారం వేసి కూర్చోలేం. ఎన్నికల కమిషనర్ల విషయంలో ఏం జరిగిందో చూశాం. అలాంటి సంఘమే ఉండాలని 2023 మార్చిలో కోర్టు చెబితే, అదే ఏడాది డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తిని తీసేసి ఆ చోట కేంద్ర మంత్రిని పెట్టి చట్టం చేసుకున్నారు. జనం అడగకపోతే దీన్నీ అలాగే చేస్తారు.

రాసిన నివేదిక ఎక్కడ ఆగుతోంది?

నియామకం ఒక సమస్య, జాప్యం రెండో సమస్య. 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదిక రాష్ట్రపతికో గవర్నరుకో వెళుతుంది, వాళ్లు దాన్ని సభ ముందు పెట్టించాలి. ఎన్ని రోజుల్లో? ఆ మాట రాజ్యాంగంలో లేదు. ఆ ఒక్క లోపాన్ని అన్ని రంగుల ప్రభుత్వాలూ వాడుకున్నాయి. ఢిల్లీలో ఆమ్ ఆద్మీ ప్రభుత్వం 14 నివేదికలను సభ ముందు పెట్టకుండా నాన్చింది. 2025 జనవరిలో హైకోర్టు తప్పుపట్టింది. ప్రభుత్వం మారాక గానీ అవి బయటకు రాలేదు. మన రెండు రాష్ట్రాల్లో కూడా చాలాసార్లు సమావేశాల చివర్లో నివేదిక బల్ల మీద పెడతారు. చదివే తీరిక ఎవరికీ ఉండదు, సభ వాయిదా పడుతుంది. 2008 మాఫీ తప్పులు 2013లో తెలిస్తే, ఈలోగా వడ్డీ వ్యాపారి చేతిలో పడిన రైతుకు ఏం ఒరిగింది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికా ఈ ఆడిట్?

నివేదికల సంఖ్య కూడా పడిపోయింది. కేంద్ర శాఖల మీద 2015లో 55 నివేదికలు వస్తే 2020లో 14 వచ్చాయని ఒక పత్రిక సమాచార హక్కు కింద బయటపెట్టింది. 2020 కరోనా ఏడాది, నిజమే. కానీ ఖర్చు ఆగలేదు కదా, లెక్క ఎందుకు ఆగాలి?

సభ ముందుకు వచ్చాక నివేదికను ప్రజా పద్దుల సంఘం చూడాలి. లోక్‌సభలో 1967 నుంచీ ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉండే సంప్రదాయం ఉంది. మన రాష్ట్రాల్లో 2024లో ఏం చేశారు? తెలంగాణలో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారని ఆ పార్టీయే చెబుతున్న ఎమ్మెల్యేకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అధికార కూటమిలోని జనసేన సభ్యుడికే ఇచ్చారు. బీఆర్ఎస్ కూడా తాను అధికారంలో ఉండగా 2019లో ఆ కుర్చీని తనకు మిత్రపక్షంగా ఉన్న మజ్లిస్‌కు ఇచ్చింది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు కంచెను పీకినవాళ్లే.

ఆడిటర్ కూడా లెక్క చెప్పాలి

కాగ్ రాసిందల్లా వేదం అని మేం అనడం లేదు. 2010లో 2జీ స్పెక్ట్రమ్ మీద రూ.1.76 లక్షల కోట్ల ఊహా నష్టం అని రాశారు. దేశం ఊగిపోయింది, ప్రభుత్వం పరువు పోయింది. 2017 డిసెంబరులో విచారణ కోర్టు నిందితులందరినీ వదిలేసింది. కోర్టు తీర్పు వేరు, ఆడిట్ వేరు, ఒప్పుకుంటాం. అయినా అంత పెద్ద అంకె వేసినప్పుడు ఏ లెక్కన వేశారో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఆడిటర్‌కు ఉంది.

పదవి దిగాక మరో ప్రభుత్వ పదవి వద్దని రాజ్యాంగం చెప్పినా, దాని చుట్టూ దారులు వెతికారు. బోఫోర్స్ కాలంలో కాగ్‌గా ఉన్న టి.ఎన్.చతుర్వేది తర్వాత బీజేపీలో చేరి రాజ్యసభకు వెళ్లారు, కర్ణాటక గవర్నరయ్యారు. 2జీ నివేదిక ఇచ్చిన వినోద్ రాయ్‌ను 2016లో కేంద్రం బ్యాంక్స్ బోర్డ్ బ్యూరోకు అధిపతిని చేసింది. వాళ్ల ఆడిట్ నిజాయితీగానే జరిగి ఉండవచ్చు. కానీ రేపటి కుర్చీ కనిపిస్తుంటే ఈరోజు రాసే పేరా మీద జనానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

2023 ఆగస్టులో వచ్చిన నివేదికల్లో, ఆయుష్మాన్ భారత్ కింద దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే ఫోన్ నంబరు ఉందనీ, ద్వారకా ఎక్స్‌ప్రెస్ హైవేకు కిలోమీటరుకు రూ.18.20 కోట్లు అనుకున్నది రూ.250.77 కోట్లకు మంజూరైందనీ ఉంది. ఆ తర్వాత రెండు నెలలకు ఆ ఆడిట్లు చేసిన అధికారులను బదిలీ చేశారని పత్రికల్లో వచ్చింది. అది మామూలు పాలనా వ్యవహారమని కాగ్ కార్యాలయం చెప్పింది. మామూలే అయితే బదిలీల నియమం ముందే రాసి బయట పెట్టండి. అనుమానానికి తావే ఉండదు.

"రైతులకు ఆడిట్ ఏం అర్థమవుతుంది" అనేవాళ్లకు మన దగ్గర జవాబుంది. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే వేళ్లూనుకుంది. 2009లో దానికోసం విడిగా సొసైటీ పెట్టారు. కూలీలు మస్టర్లు చదివించుకుని, చచ్చినవాళ్ల పేరు మీద వేసిన హాజరును సభలో నిలబడి పట్టించారు. దాన్ని చూసి కేంద్రం కాగ్‌తో సంప్రదించి 2011లో దేశమంతటికీ నియమాలు చేసింది. మస్టరు చదవగలిగిన ఊరికి బీమా కంపెనీ లెక్క చదవడం కష్టమేమీ కాదు, ముందు ఆ కాగితం ఊరిదాకా రావాలి.

మా డిమాండ్లు

ఒకటి, కాగ్ నియామకానికి ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తితో ఎంపిక సంఘం ఉండాలి. పరిశీలించిన పేర్లు ప్రజలకు చెప్పాలి. రెండు, నివేదిక అందిన తర్వాత సభ నడుస్తుంటే వారంలో, లేకుంటే వచ్చే సమావేశం మొదటి రోజున సభ ముందు పెట్టాలని చట్టం రావాలి. పెట్టకపోతే ఆ రోజు నుంచి కాగే దాన్ని ప్రజలకు విడుదల చేయాలి. మూడు, రైతు పేరు మీద సర్కారు సొమ్ము తీసుకునే ప్రతి ప్రైవేటు బీమా కంపెనీ పుస్తకాలు కాగ్ చూడాలి. నాలుగు, పార్లమెంటులోనూ శాసనసభల్లోనూ ప్రజా పద్దుల సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానిదేనని నియమాల్లో రాయాలి. అయిదు, కాగ్ కార్యాలయం ఏడాదికి ఏయే ఆడిట్లు చేస్తుందో ముందే ప్రకటించాలి. ప్రతి నివేదిక మీద అందజేసిన తేదీ, సభలో పెట్టిన తేదీ పక్కపక్కనే వేయాలి. రైతు పథకాల ఆడిట్‌లో కౌలు రైతులనూ, మహిళా రైతులనూ అడిగి రాయాలి. నివేదిక సారాంశం అదే రోజు తెలుగులో రావాలి.

వీటిలో ఏదీ రూపాయి ఖర్చున్న డిమాండు కాదు. గిట్టుబాటు ధర అడిగితే "డబ్బు లేదు" అంటారు, దీనికి ఆ సాకు కూడా లేదు.

ఈ నెల మండల కమిటీ సమావేశాల్లో దీన్ని చర్చకు పెట్టండి. మీ ఎంపీ, ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా సరే, ఊరికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: "మీ ప్రభుత్వం లెక్క చూసేవాణ్ణి మీ ప్రభుత్వమే ఎంచుకోవడం న్యాయమేనా?" అవుననేవాడు మన సొసైటీ అధ్యక్షుడిగా కూడా పనికిరాడు. కాదనేవాడి చేత ఆ మాట సభలో అనిపించేదాకా మనం వదలొద్దు.